బజర్ మోగిందని కంటికెలా తెలియాలి?

ప్రశ్న: సార్, నేను తెనాలిలో డిప్లొమా ఇ.సి.ఇ. రెండో సంవత్సరం చదువుతున్నాను. సెలవుల్లో బ్రౌజర్‌లో ఆడుకునే సర్క్యూట్ ఆట ఒకటి మొదలుపెట్టాను. బ్యాటరీ, స్విచ్, లాజిక్ గేట్లు, టైమర్ వైర్లతో కలిపి ఒక్కో లెవెల్లో తలుపు తెరవాలి. ఈమధ్యే బజర్, స్పీకర్ కూడా పెట్టాను. ఫ్రెండ్స్‌కి ఇస్తే బస్సులో సౌండ్ ఆపేసి ఆడారట, "నీ బజర్ పని చెయ్యట్లేదురా" అంటున్నారు. సరేనని బజర్ పక్కన మూడు గీతలు కదిలే బొమ్మ పెడితే అది ఏదో అతికించినట్టుంది. నిజం తరంగమే గీద్దామని, బ్రౌజర్‌లో శబ్దాన్ని కొలిచి ఇచ్చే అనలైజర్ నోడ్ వాడితే మ్యూట్ నొక్కగానే తరంగం కూడా చచ్చిపోతోంది. పైగా చిన్న పల్స్ (క్షణంపాటు వచ్చి పోయే కరెంటు) వస్తే అసలేమీ కనపడదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ మూడు గీతల బొమ్మ ఎందుకు అతికించినట్టుందో ముందు చూద్దాం, మిగతావి దాని వెనకే వస్తాయి. ఆ బొమ్మ బజర్‌కి కరెంటు వచ్చిందా లేదా అన్న ఒక్క ముక్కే చెప్తోంది. ఆ ముక్క వైరు వెలిగినప్పుడే ఆటగాడికి తెలిసిపోయింది. పార్టు లోపల ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

చదువుకునే రోజుల్లో సాయంత్రాలు నేను ఒక రేడియో రిపేరు కొట్లో కూర్చునేవాణ్ణి. అక్కడి మెకానిక్ స్పీకర్ బాగుందో లేదో చూడటానికి మీటర్ తీసేవాడు కాదు. పెన్సిల్ సెల్ ఒకటి తీసుకుని రెండు వైర్లూ స్పీకర్‌కి తాకించేవాడు. "టప్" మనేది, కోన్ కొంచెం ముందుకొచ్చి అక్కడే ఆగిపోయేది. వైరు తీస్తే మళ్ళీ "టప్", కోన్ వెనక్కి. సెల్ తిరగేసి పెడితే కోన్ లోపలికి పోయేది, ఏ కాలు ప్లస్సో అలాగే కనిపెట్టేవాడు. ఇందులో మీకు పనికొచ్చే సంగతేంటంటే, సెల్ తగిలి ఉన్నంతసేపూ కాయిల్లో కరెంటు పారుతూనే ఉంది, చప్పుడు మాత్రం తగిలించినప్పుడూ తీసినప్పుడూ తప్ప లేదు. మీ ఆటలో స్పీకర్‌కి బ్యాటరీ నేరుగా తగిలిస్తే ఆ మూడు గీతలూ ఊగుతూ కూర్చుంటాయని నా అనుమానం. అదే అయితే మీ బొమ్మ అబద్ధం చెప్తోంది, అది కూడా ఎలక్ట్రానిక్స్ నేర్చుకోవడానికి వచ్చినవాడికి.

కాబట్టి స్పీకర్‌ని రెండు ముక్కలుగా గీయండి. కోన్ ఒకటి, దాన్నుంచి బయటికొచ్చే వలయాలు ఒకటి. కోన్ ఎంత ముందుకొచ్చిందో వోల్టేజీ చెప్పాలి, వలయాలు మాత్రం వోల్టేజీ మారుతున్నప్పుడే రావాలి. అప్పుడు బ్యాటరీ నేరుగా తగిలించినవాడికి కోన్ ముందుకు తోసుకుని బిగుసుకుపోయినట్టు కనపడుతుంది, వలయం ఒక్కటి వచ్చి ఆగిపోతుంది, వాడే తల గోక్కుని "ఓహో, దీనికి వోల్టేజీని అటూ ఇటూ ఊపే ఆసిలేటర్ కావాలన్నమాట" అనుకుంటాడు. మీరు పక్కన హింట్ రాయక్కర్లేదు.

బజర్ దగ్గర ఇంకో మెలిక ఉంది. యాక్టివ్ బజర్ లోపలే ఆసిలేటర్ ఉంటుంది, డీసీ (బ్యాటరీ ఇచ్చేలాంటి మారని వోల్టేజీ) ఇస్తే చాలు, మామూలుగా 2,300 హెర్ట్జ్ దరిదాపుల్లో ఒకే కూత కూస్తుంది. పాసివ్ బజర్‌కి తరంగం మనమే పంపాలి, డీసీ ఇస్తే ఒక్కసారి "టిక్" మని ఊరుకుంటుంది. బయట చూడటానికి రెండూ నల్లగా గుండ్రంగా అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి బజర్ కావాలని అడిగి ఒకదానికి బదులు ఇంకోటి తెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మీ ఆటలో ఈ రెండింటికీ వేరువేరు బొమ్మలు పెట్టండి, యాక్టివ్ దాని పొట్టలో చిన్న తరంగం గుర్తు ఉంటే సరిపోతుంది. ఇంకోటి, ఆటలో మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రామ్ రాసి నడిపించే చిప్) కూడా ఉంటే: 8 ఓముల స్పీకర్‌ని 5 వోల్టుల పిన్‌కి నేరుగా కలిపితే లెక్క ప్రకారం 625 మిల్లీయాంప్స్ లాగాలి, ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డు పిన్ తట్టుకునే గరిష్ఠం 40. ఆ పిన్ ఎర్రబడి పొగ వచ్చేలా గీస్తే పిల్లలు సరదా పడతారు, ఇంట్లో నిజం బోర్డు కూడా బతుకుతుంది.

ఇప్పుడు మ్యూట్ సంగతి. మీరు అనలైజర్‌ని వాల్యూమ్ తగ్గించే గెయిన్ నోడ్ తర్వాత తగిలించి ఉంటారు. మ్యూట్ అంటే గెయిన్ సున్నా, సున్నాని కొలిస్తే సున్నానే వస్తుంది. కుళాయి కట్టేసి ట్యాంకులో నీళ్ళు లేవనుకున్నట్టు. అనలైజర్‌ని గెయిన్‌కి ముందుకి జరిపితే ఈ పూటకి పని జరిగిపోతుంది, కానీ నా సలహా అది కాదు. బొమ్మకి కావలసిన విలువ ఆడియో వైపు నుంచి తీసుకోనే వద్దు, సిమ్యులేషన్‌లో ఆ స్పీకర్ రెండు కాళ్ళ మధ్య వోల్టేజీ ఎంతో మీ ప్రోగ్రామ్‌కి ముందే తెలుసు కదా, దాన్నే వాడండి. ఎందుకంటే బ్రౌజర్లు ఆటగాడు పేజీలో ఎక్కడో ఒకచోట నొక్కేదాకా సౌండ్‌ని రానివ్వవు. అప్పటిదాకా బ్రౌజర్‌లో శబ్దాన్ని నడిపే ఆడియో కాంటెక్స్ట్ నిద్రపోతూ ఉంటుంది. మీ లెవెల్ మొదలవగానే బజర్ మోగేలా ఉంటే ఆ మొదటి కూత వినపడదు, అనలైజర్‌లోనూ అడ్డగీతే. సిమ్యులేషన్ నుంచి గీస్తే ఈ గొడవేదీ ఉండదు. చెవికి వెళ్ళే దారి వేరు, కంటికి వెళ్ళే దారి వేరు, రెండూ ఒకే సర్క్యూట్ నుంచి బయల్దేరాలి, ఒకదాని మీద ఒకటి ఆధారపడకూడదు.

పాల్ ఫాల్‌స్టాడ్ సర్క్యూట్ సిమ్యులేటర్ మీరు చూసే ఉంటారు, మొదట జావా ఆప్లెట్‌గా ఉండేది, తర్వాత ఇయాన్ షార్ప్ దాన్ని జావాస్క్రిప్ట్‌లోకి తెచ్చారు. అందులో వైర్ల వెంట పసుపు చుక్కలు నడుస్తుంటాయి, పాజిటివ్ వోల్టేజీ ఆకుపచ్చ, నెగెటివ్ ఎరుపు, కింద వోల్టేజీ ఎలా మారుతోందో చూపే ఆసిలోస్కోపు గీత. ఆడియో అవుట్‌పుట్ అనే భాగం కూడా ఉంది, కానీ సర్క్యూట్‌ని కాసేపు నడిపించి, ఆ తర్వాత బటన్ నొక్కితే అప్పుడు వినిపిస్తుంది. వెంటనే ఎందుకు వినిపించదంటే సిమ్యులేషన్ కాలం, మన గోడ గడియారం కాలం ఒకటి కావు. సర్క్యూట్‌లో ఒక సెకను గడవడానికి మనకి నిమిషాలు పట్టొచ్చు, ఆ వేగంతో వినిపిస్తే 440 హెర్ట్జ్ స్వరం కూడా ఒక్కో దెబ్బ వేరువేరుగా టక్కు టక్కుమంటుంది. అలాంటప్పుడు చెవి ఆగాల్సిందే, కన్ను ఆగక్కర్లేదు. మీ ఆటలో స్లో మోషన్ బటన్ పెడితే ఆ టైంలో సౌండ్ ఆపేసి బొమ్మ మాత్రం నడిపించండి. కోన్ ముందుకీ వెనక్కీ మెల్లగా ఊగుతుంటే చూడటం, నన్నడిగితే మొత్తం ఆటలో అదే బాగుంటుంది.

చిన్న పల్స్ కనపడకపోవడం అన్నిటికన్నా తేలిక. స్క్రీను సెకనుకి 60 సార్లు గీస్తే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు. మీ పల్స్ 1 మిల్లీసెకను ఉండి ఆరిపోతే, ఫ్రేము గీసే క్షణంలో మీరు వోల్టేజీ అడిగితే దాదాపు ఎప్పుడూ సున్నానే దొరుకుతుంది. కాబట్టి ఆ క్షణం విలువ అడగొద్దు, కిందటి ఫ్రేము నుంచి ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠం ఎంతో రాసిపెట్టుకోండి, దాన్ని గీసి ఓ 150 మిల్లీసెకన్లు పట్టి ఉంచండి. లాజిక్ ప్రోబ్ (వైరులో సిగ్నల్ ఉందో లేదో చూపే పరికరం) మీ ల్యాబులో ఉంటే చూడండి, దాని పల్స్ ఎల్ఈడీ చేసేది ఇదే, మైక్రోసెకను పల్స్‌ని కూడా సాగదీసి చూపిస్తుంది. అయితే సాగదీసినప్పుడు వరసగా వచ్చే పది పల్సులు ఒకటే పొడుగాటి వెలుగులా కలిసిపోతాయి. అందుకని నిజంగా కరెంటున్నప్పుడు నిండు రంగు, పట్టి ఉంచిన తోకకి వెలిసిన రంగు వెయ్యండి. పల్సులు ఎన్నొచ్చాయో పక్కన చిన్న అంకె కూడా పెడితే డీబగ్ చేసేవాడు మీకు దండం పెడతాడు.

చివరిది, స్వరాన్ని ఉన్నదున్నట్టు ఊపాలని చూడకండి. 60 ఫ్రేముల స్క్రీను మీద 61 హెర్ట్జ్ కోన్ సెకనుకి ఒక్కసారి బద్ధకంగా ఊగినట్టు కనపడుతుంది, సినిమాలో జట్కా బండి చక్రం వెనక్కి తిరిగినట్టు. 20 హెర్ట్జ్ దాటిందంటే కోన్‌ని కదిలించడం మానేసి దాని అంచుని మసకగా, ఎంత వోల్టేజీ ఉంటే అంత వెడల్పుగా గీయండి. తరంగమే చూపించాలంటే సున్నాని కిందనుంచి పైకి దాటే చోటు వెతికి అక్కణ్ణుంచి గీయడం మొదలుపెట్టండి, లేకపోతే గీత పక్కకి పరిగెడుతూనే ఉంటుంది. అనలైజర్ మామూలుగా ఇచ్చే 2,048 శాంపిళ్ళు, సెకనుకి 48,000 శాంపిళ్ళ రేటు దగ్గర సుమారు 43 మిల్లీసెకన్లు, అందులో 440 హెర్ట్జ్ తరంగాలు 18కి పైనే పడతాయి, చిన్న పెట్టెలో అది దువ్వెన పళ్ళలా ఉంటుంది. మూడు నాలుగు తరంగాలు పట్టేంత ముక్కే గీయండి.

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. మైన్‌క్రాఫ్ట్‌లో నోట్ బ్లాకులు పేర్చి పాటలు కడుతోంది. రాత్రిపూట సౌండ్ ఆపమంటే "పర్లేదమ్మా, రంగు చూసి చెప్పేస్తా" అంటుంది. నిజంగా రంగుతో స్వరం తెలుస్తుందా? నేను కొంచెం సంగీతం నేర్చుకున్నదాన్ని, అందుకే అడుగుతున్నా. (ఒక తల్లి, నిజామాబాద్)

జవాబు: తెలుస్తుందండీ, చాలావరకు. నోట్ బ్లాకు ఆ ఆటలోకి 2011లోనే వచ్చింది. ఆ ఆటలో వైరులా పనిచేసే రెడ్‌స్టోన్ కరెంటు తగలగానే మోగుతుంది, పైన ఒక రంగు స్వరం గుర్తు ఎగురుతుంది. దాన్ని ఒక్కోసారి నొక్కితే అర స్వరం పెరుగుతుంది. మొత్తం 25 మెట్లు, అంటే సరిగ్గా రెండు స్థాయిలు. మామూలు వాయిద్యంతో అట్టడుగున 185 హెర్ట్జ్, కొసన 740. మీకు తెలిసిన పన్నెండు స్వరస్థానాలు రెండుసార్లు తిరిగి, ఇరవై అయిదోదానికి మళ్ళీ మొదటి స్వరమే పై స్థాయిలో వస్తుందన్నమాట. కింద ఏ బ్లాకుందో దాన్ని బట్టి వాయిద్యం మారుతుంది, చెక్క ఉంటే బేస్, ఇసుక ఉంటే స్నేర్ డ్రమ్ము. పైన ఖాళీ లేకపోతే మోగదు. మోగనప్పుడు గుర్తూ ఎగరదు, ఇది నాకు బాగా నచ్చిన సంగతి, బొమ్మ ఎగిరిందంటే శబ్దం వచ్చినట్టే.

ఇక రంగు దగ్గరికొస్తే, ఆకుపచ్చతో మొదలై నారింజ, ఎరుపు, ఊదా, నీలం మీదుగా తిరిగి ఆకుపచ్చకే వస్తుంది. తంటా ఇక్కడే. రంగులు చక్రంలా తిరుగుతాయి, శ్రుతి మాత్రం నిచ్చెన ఎక్కుతుంది. అందుకని అట్టడుగు స్వరమూ అన్నిటికన్నా పై స్వరమూ చూడటానికి దాదాపు ఒకే ఆకుపచ్చ. రెండు స్థాయిలకి కలిపి ఒకే చుట్టు కాబట్టి మంద్రంలో షడ్జమం ఒక రంగు, దానిపై స్థాయిలో అదే షడ్జమం ఇంకో రంగు. సంగీతం తెలిసిన మీకు అది ఎబ్బెట్టుగా ఉండటం సహజం. పక్కపక్క అర స్వరాలకి రంగుల తేడా కూడా ఒక్కోచోట కంటికి ఆనదు, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలకైతే సగం నిచ్చెన మాయమే.

నేనే ఇలాంటి ఆట రాస్తే రంగుని స్వరానికి ఇస్తాను, ఎత్తుని స్థాయికి ఇస్తాను. స అయితే ఏ స్థాయిలోనైనా ఒకే రంగు, పై స్థాయి అయితే గుర్తు ఇంకా పైకి ఎగరాలి. మన స్వరలిపిలో పై స్థాయికి అక్షరం మీద చుక్క, కింది స్థాయికి అక్షరం కింద చుక్క పెట్టరూ, అదే. తెనాలి అబ్బాయి కూడా ఇది చదువుతుంటే, ఎత్తుని ఫ్రీక్వెన్సీ అంకెతో నేరుగా ముడిపెట్టకండి, 185 నుంచి 370కి ఉన్న దూరమూ 370 నుంచి 740కి ఉన్న దూరమూ చెవికి ఒకటే, స్క్రీను మీద కూడా ఒకటే కావాలి, అంటే లాగరిథమ్ తీసుకోవాలి.

మీ అమ్మాయిని ఒక పరీక్ష పెట్టండి. సౌండ్ ఆపి, నొక్కని బ్లాకు ఒకటీ, 24 సార్లు నొక్కిన బ్లాకు ఒకటీ పక్కపక్కన మోగించి ఏది ఏదో చెప్పమనండి. చెప్పిందంటే మాత్రం నాకు ఉత్తరం రాయండి.

ప్రశ్న: నేను కర్నూలు జిల్లాలో వినికిడి లోపం ఉన్న పిల్లల బడిలో సైన్స్ చెప్తాను. ల్యాబ్ సామాను తక్కువ, అందుకని కంప్యూటర్‌లో సర్క్యూట్ సిమ్యులేటర్లు వాడుతున్నాం. బల్బు, మోటారు పాఠాలు బాగా సాగుతాయి, బజర్ రాగానే పిల్లలు నా మొహం చూస్తారు. బజర్ మోగినప్పుడు స్క్రీనంతా మెరిసేలా చేయించమని మా కంప్యూటర్ సార్ అంటున్నారు. మంచిదేనా?

జవాబు: వద్దండీ. స్క్రీనంతా మెరిపించడం మాత్రం చెయ్యకండి. 1997 డిసెంబర్ 16న జపాన్‌లో టీవీలో వచ్చిన ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లో ఎరుపు నీలం వెలుగులు వేగంగా మెరిస్తే, చూస్తున్న పిల్లల్లో ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, కొందరికి ఫిట్స్ వచ్చాయి. వెబ్ పేజీల ప్రమాణాల్లో ఇప్పుడున్న నియమం ఏమిటంటే ఒక సెకనులో మూడు మెరుపులకి మించకూడదని. బజర్‌ని టైమర్‌తో కలిపి టకటకా మోగించడమే పిల్లలకి సరదా, ఆ సరదాలో స్క్రీను పదిసార్లు మెరుస్తుంది. మెరుపు బదులు బజర్ చుట్టూ వలయం నిలకడగా ఉండేలా పెట్టమనండి. వోక్వి అనే సిమ్యులేటర్‌లో బజర్ మోగినంతసేపూ దాని మీద చిన్న స్వరం గుర్తు కనపడుతుంది, అంత నెమ్మదైన గుర్తే చాలు.

కానీ గుర్తు ఒక్కటే సరిపోదు. మోగింది అన్నది తెలిస్తే చాలదు కదా, ఎలా మోగింది అన్నది కూడా మీ పిల్లలకి అందాలి. దానికి నాకు తోచింది అక్షరాలు. "బీ...ప్", "టిక్ టిక్", "సన్నగా", "బొంగురుగా" అని బజర్ పక్కనే రాసి చూపించడం. మైన్‌క్రాఫ్ట్‌లో 2016 నుంచి సబ్‌టైటిల్స్ పెట్టుకునే వీలుంది, చప్పుడు పేరు రాసి, అది ఎడమ నుంచి వస్తే ఎడమకి, కుడి నుంచి వస్తే కుడికి బాణం గుర్తు పెడతారు. అక్షరం ఒక సెకనైనా నిలబడాలి, చదవడానికి టైం పట్టదూ.

ఆండ్రాయిడ్ ఫోన్లో క్రోమ్‌లో నడిపితే వైబ్రేషన్ కూడా ఇవ్వొచ్చు, ఐఫోన్ సఫారీలో అది పనిచెయ్యదు. అన్నిటికన్నా ముందు మాత్రం నిజం స్పీకర్ ఒకటి క్లాసుకి తీసుకెళ్ళండి. ఊదిన బెలూన్‌ని రెండు చేతులతో పట్టుకోమని ఇచ్చి దాన్ని స్పీకర్ ముందు పెట్టించండి, 100 హెర్ట్జ్‌కీ 300 హెర్ట్జ్‌కీ తేడా అరచేతులకే తెలుస్తుంది. అది ఒకసారి చేతికి తెలిశాక స్క్రీను మీద కోన్ అంచు ఎందుకు మసకబారిందో మీరు చెప్పక్కర్లేదు. స్పీకర్ మీద బియ్యపు గింజలు నాలుగు వేస్తే ఎగిరి పడతాయి, తర్వాత ఊడ్చుకోవడమే పని.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఇలాంటి ఆట ఆడితే వెలుగు ముందొస్తుంది, బీప్ తర్వాతెప్పుడో వస్తుంది. సర్క్యూట్ తప్పేమో అని గంటసేపు వైర్లు పీకి పెట్టాను. ఆట రాసినవాళ్ళు వెలుగుని కూడా కాస్త ఆలస్యం చేస్తే పోదా? (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: సినిమా ప్లేయర్ అయితే చెయ్యాలి, సర్క్యూట్ ఆటలో చెయ్యకూడదు. బ్లూటూత్‌లో ఆలస్యం 100, 200 మిల్లీసెకన్లు ఉండటం మామూలే. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ళు ఇచ్చిన లెక్క ప్రకారం శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే పట్టేస్తాం, వెనకొస్తే మాత్రం సుమారు 125 దాకా పట్టించుకోం. దానికి కారణం ఉంది, చెరువు అవతలి గట్టున ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే చెయ్యి బండ మీద పడటం ముందు కనపడుతుంది, దెబ్బ తర్వాత వినపడుతుంది, గాలిలో 34 మీటర్లకి 100 మిల్లీసెకన్ల చొప్పున. వెనకబడ్డ శబ్దానికి మన కన్ను పుట్టినప్పటినుంచీ అలవాటు పడింది.

సర్క్యూట్‌లో స్విచ్ నొక్కినప్పుడు వైరు వెలుగుతుంది, గేటు మారుతుంది, బజర్ వెలుగుతుంది, ఈ వరస చూసే ఆటగాడు తప్పు ఎక్కడుందో పట్టుకుంటాడు. బజర్ ఒక్కదాన్నీ ఇయర్‌బడ్స్ కోసం వెనక్కి జరిపితే మీరు గంట కాదు, పూటంతా వైర్లు పీకుతారు. మొత్తం సర్క్యూట్‌నే జరిపితే స్విచ్ నొక్కినా వెంటనే పలకనట్టుంటుంది, అది ఇంకా చిరాకు. ఆట రాసినవాళ్ళు చెయ్యగలిగింది, ఆడియో కాంటెక్స్ట్ ఇచ్చే అవుట్‌పుట్ లేటెన్సీ (శబ్దం బయటికి రావడానికి పట్టే ఆలస్యం) అంకె చూసి, అది బాగా ఎక్కువుంటే "మీ ఇయర్‌ఫోన్స్ వెనకబడుతున్నాయి, బొమ్మని నమ్మండి" అని ఒక మూల చిన్నగా రాయడం. మీరు చెయ్యగలిగింది, వైర్లు పీకేముందు ఫోన్ స్పీకర్‌లో ఒకసారి విని చూడటం.